ఇరవయ్యా, ఇరవై రెండా

కర్నూలు పెద్దాసుపత్రి, రెండో థియేటర్.
స్క్రూల ట్రే నా ముందు.
పద్నాలుగు నుంచి ముప్పై దాకా
బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా
పొట్టివి ముందు, పొడుగువి వెనక.

బల్ల మీద మద్దిలేటమ్మ.
సి.క్యాంపులో జొన్నరొట్టెలు తడుతుంది.
సబ్బునీళ్లలో కాలు జారి
అరచెయ్యి ఆనించి పడింది.
చేతికే మత్తు, మనిషికి కాదు.
పచ్చగుడ్డ అవతల నుంచి
"రేపు పొయ్యి ఎవురు ముట్టిస్తారు నాయనా?"
మత్తు డాక్టరును నిలదీస్తోంది.

ప్లేటు కూర్చుంది. డ్రిల్లు దిగింది.
సార్ కొలపుల్ల దించి
కొక్కేన్ని వెనక్కి లాగారు.
తగలడానికి అవతల గోడ ఉంటే కదా!
అరవై ఏళ్ల ఎముక, వెనకంతా
జల్లెడలో మిగిలిన తవుడు.
కొక్కెం దేన్నో పట్టుకుంది,
ఎముకనో, కండనో.
"ఇరవై రెండు" అన్నారు.

నా చెయ్యి ఆ గుంట దాకా పోయి ఆగింది.

పోయినేడు, ఆదోని దర్జీ దస్తగిరి.
ఎక్స్‌రేలో అంతా బాగానే ఉంది.
మణికట్టు వీపున ఎముకకు చిన్న గుట్ట ఉంటుంది,
పక్కనుంచి తీసిన ఫొటోలో
దాని చాటున మొన దాక్కుంది.
బొటనవేలిని ఎత్తే తాడు
ఆ గుట్ట చుట్టూ తిరిగే పోవాలి.
పోతూ వస్తూ, పోతూ వస్తూ
మూడు నెలలు అరిగింది.
ఒకరోజు కత్తెర మూసుకుంది,
తెరుచుకోలేదు.
"నొప్పేం లేదు మేడం,
వేలే మాట వినడంలే."

ఆ స్క్రూ అందించింది నేనే.
అడిగింది అడిగినట్టు, క్షణం ఆలస్యం లేకుండా.

"సార్, ఇరవై ఇవ్వనా?"

ఏసీ చప్పుడు వినబడింది.
సార్ నావైపు చూడలేదు.
చెయ్యి మాత్రం చాపారు.

"పట్టు నిలుస్తుందా సార్?" కొత్తగా చేరిన పీజీ.
"తల ప్లేటులో బిగిసింది కదా,
అవతలికి తొంగిచూసే పని దానికేం?"
మణికట్టు వంచి, సీ-ఆర్మ్ తిప్పించి,
కొండ అంచు చూసినట్టు చూశారు.
గీతకు ఇవతలే, అర జొన్నగింజంత దూరంలో
మొన ఆగి ఉంది.

కట్టు కడుతుంటే అడిగింది:
"లోపల ఎన్ని మేకులు బిడ్డా?"
"ఏడు."
"ఏడూ యాడివి ఆడనే ఉంటాయా?"
ఆ మాటకు రిజిస్టర్‌లో నా రాత కాస్త వంకరపోయింది.

ఇరవై రెండు దాని గుంటలోనే ఉంది,
ఇంకెవరిదో మందమైన చేతి కోసం.