పక్కగా నిలబడ్డ చేప

కొన్నప్పుడు ఈ షెడ్డు నిండా పొగవాసన.
గ్రిమ్స్‌బీ రేవు వెనక సందు.
తరాల తరబడి ఇక్కడ చేపల్ని చీల్చి, ఉప్పద్ది, పొగబెట్టారు.
ఇటుకలు ఇప్పటికీ జిడ్డోడుతూ నల్లగా ఉంటాయి.

"చేపలకి ఇల్లా? ఇక్కడా?"
ఎదురింటి విల్ఫ్ నవ్వాడు, మూడు పళ్లు లేని నవ్వు.
ముప్ఫై ఒక్కేళ్లు ఐస్‌లాండ్ వైపు వలలు లాగిన మనిషి.
నవ్వినవాడే మర్నాడు తన తాపీ తనే తెచ్చుకున్నాడు.

ఆరు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, నా నడుం దాకా లోతు.
పన్నెండు వేల లీటర్లు, అంటే పన్నెండు టన్నులు.
ముందు నేలనడగాలి, మోస్తావా అని.
నేల మోయనంది. పగలగొట్టి, ఇనుప చువ్వలల్లి,
కొత్త నేల పోశాం.
ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో రాత్రి డ్యూటీ నాది.
పొద్దున గోళ్లలో సిమెంటుతో ఇంటికొచ్చి పడుకునేదాన్ని,
సాయంత్రం అదే సిమెంటుతో లేచేదాన్ని.

కిటికీలు రెండు. ఒకటి నిలబడి చూడ్డానికి.
రెండోది మోకాలెత్తున, ఎందుకో చెప్పలేను,
కావాలనిపించింది, అంతే.
హల్ నుంచి పలకలొచ్చాయి, వేలెడు మందం,
నలుగురు పట్టి దించారు, పెళ్లికూతురి పల్లకీలా.
సిలికాన్ ఆరడానికి వారం. షెడ్డంతా వెనిగర్ పులుపు.
సందు చివర చిప్స్ కొట్టువాడు వచ్చి
తొంగిచూసి వెళ్లాడు, పోటీ పెట్టామేమోనని.

నీళ్లు నింపిన మూడో రాత్రి నా మేజోడు తడిసింది.
ఎడమ మూల. నిమిషానికి పదకొండు చుక్కలు.
కూర్చుని లెక్కపెట్టాను. ఏడవలేదు, లెక్కపెట్టాను.
పొద్దున విల్ఫ్ వేలితో తడిమి,
"సముద్రం కూడా మూల చూసుకునే వస్తుంది" అన్నాడు.
అంతా తోడిపోశాం. గీకాం. మళ్లీ పూశాం. మళ్లీ వారం.

తర్వాత ఇసుక, రాళ్లు,
రిబ్బన్లలాంటి పొడుగు గడ్డి,
మూల కుండీలో ఒక కలువ దుంప.
జావా ఫెర్న్‌ని రాళ్లకి దారంతో కట్టాం,
పసిబిడ్డ మొలకి తాడు కట్టినంత వదులుగా.
దీపాలు వేస్తే నల్లటి ఇటుకల మీద ఆకుపచ్చ వెలుగు
మెల్లగా ఊగింది.

చేపలు? ఇంకా లేవు.
నీళ్లు పండాలి. కంటికి కనబడని ప్రాణులేవో
రాళ్ల మీద కాపురం పెట్టి, విషాన్ని తిని,
ఆకులకి మేతగా మార్చాలి.
ఆలస్యం అమృతం విషం అంటారు. ఇక్కడ తొందరే విషం.
ఆరు వారాలు పరీక్షగొట్టంలో రంగు చూశాను:
ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, మళ్లీ ముదురు,
ఒక మంగళవారం మాత్రం నిమ్మపండు పసుపు.

లింకన్ నుంచి నలభై చేపలొచ్చాయి,
మన కాలవల్లో పరిగెలంత, బుగ్గల మీద ఎరుపు.
సంచుల్ని నీళ్ల మీద తేలేశాం, వెచ్చదనం కుదిరేదాకా.
వదిలితే గడ్డిలోకి దూరాయి.
రెండు రోజులు పన్నెండు టన్నుల ఖాళీ.
"డబ్బు పోసి గడ్డి పెంచావు" అన్నాడు విల్ఫ్.

మూడో సాయంత్రం
అతను మోకాలెత్తు కిటికీ ముందు కూలబడ్డాడు,
నడుం నొప్పని వంక.
ఒకటి వచ్చింది. అద్దానికి పక్కగా ఆగి,
మొప్ప తెరిచి, మూసి, తెరిచి,
ఒక కన్నుతో అతన్ని చూసింది.

చాలాసేపయ్యాక అన్నాడు:
"డెక్ మీద పక్కకి పడ్డవే చూశాను లక్షలు.
పక్కగా నిలబడ్డది ఇదే."

నేనేమీ అనలేదు.
నా ఉద్యోగంలోనూ అంతే, మనుషుల్ని
పక్కకి తిరగమంటాను, ఊపిరి బిగబట్టమంటాను.
వాళ్లు మళ్లీ ఊపిరి వదిలేది మాత్రం
ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

అతను లేచాక అద్దం మీద ముక్కు మరక.
తుడవబోయాను. లోపల వైపు, సరిగ్గా ఆ మరక కింద,
ఎవరూ కొనని, ఎవరూ పిలవని ఒక నత్త
మెల్లగా పైకి పోతోంది.
పుస్తకంలో రాసుకున్నాను: చేపలు నలభై, నత్త ఒకటి.
కింద, వచ్చే నెల కరెంటు బిల్లు, ప్రశ్నార్థకం.