చిల్లర

ఆపరేషనయ్యి ఇది పందొమ్మిదో రాత్రి.
కుట్లు విప్పేశారు, గొరిగిన పొట్ట మీద
బొచ్చు నూగులా మళ్ళీ మొలుస్తోంది.
దగ్గు మాత్రం దిగలేదు.

"మత్తిచ్చేటప్పుడు గొంతులో గొట్టం పెడతాం కదా,
కాస్త ఒరుసుకుని ఉంటుంది, మూడ్రోజులు" అంది
నారాయణగూడ డాక్టరమ్మ.
మూడు దాటింది. వారం దాటింది.
రాంనగర్ చేపల మార్కెట్‌కి రెండు ఆదివారాలు వచ్చి పోయాయి.

రాత్రి రెండింటికి మొదలు.
మెడ చాస్తుంది, ముందుకాళ్ళు ఎడం చేసి నిలబడుతుంది,
ఐదు కిలోల ఒంట్లోంచి
ఏదో చెరువు మీది బాతు అరుస్తుంది.
చివర్న ఓ ఓకరింపు, తెల్లటి నురగ చుక్క,
ఆ మీద నా వైపు ఒక చూపు,
నిద్ర చెడగొట్టినందుకు.

లైటు వెయ్యను.
గొంతు కింద రెండు వేళ్ళు పెట్టి నిమురుతాను.
మందు డబ్బా వెనకాల టైము రాస్తాను:
రెండూ పది. రెండూ నలభై. నాలుగూ ఐదు.
టికెట్ల వెనక జనానికి బాకీలు రాసిచ్చిన చెయ్యే ఇది.

ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సులో
చెవులతో బతికినవాణ్ణి.
ఏది బీడీ దగ్గో, ఏది చలి దగ్గో,
ఏది పక్కవాడు సీటివ్వాలని దగ్గిన దగ్గో
వెనక తలుపు దగ్గర్నుంచే చెప్పేవాణ్ణి.
దీనిది దొరకలేదు.

అసలు ఇది ఎక్కిందే టికెట్ లేకుండా.
పదకొండేళ్ళ కింద, ఆఖరి ట్రిప్పు, ముషీరాబాద్ డిపో.
సీట్ల కింద టార్చి వేస్తే
చీరల షాపు సంచిలో రెండు కళ్ళు.
ఎవరు మరిచిపోయారో,
ఎవరు మరిచిపోదామనే ఎక్కారో.
పోయిన సామాను రిజిస్టర్లో ఏమని రాయాలో తెలియక
జేబులో మిగిలిన చిల్లరతో పాటు ఇంటికి తెచ్చాను.
పేరు అదే పడింది.

పక్క పోర్షన్ ఖుర్షీద్ ఆపా
చిన్న సీసా పట్టుకొచ్చింది.
"ఒక్క చుక్క భాయ్, గుడ్డకేసి వాసన చూపియ్యి, జర."
కాదనలేక తీసుకుని నా ఛాతీకే రాసుకున్నాను.
చిల్లర తుమ్మి, మంచం కిందికి దూరి
అక్కడ దగ్గింది.

ఇవాళ ఎక్స్‌రే తీశారు.
"కోత తప్పు కాదు పెద్దాయనా, గొట్టం తప్పూ కాదు.
గుండె పెరిగింది. గాలిగొట్టాన్ని కిందినుంచి నెడుతోంది.
ఎప్పట్నుంచో ఉన్నదే అయ్యుంటుంది,
ఇప్పుడు బయటపడింది."

ఇంత కుక్కకి గుండె పెద్దదయిందంటే
ఎవరికి ఫిర్యాదు చెయ్యను.
పొద్దున సగం మాత్ర, రాత్రి పావు.
మెడపట్టీ తీసెయ్యాలి. మెట్లు ఎక్కనివ్వకూడదు.
"తగ్గుతుందా?"
"తగ్గుతూ ఉంటుంది" అంది.
ఆ మాటని కూడా ఒళ్ళో పెట్టుకుని
ఆటోలో తెచ్చాను.

రెండంతస్తులు ఎత్తుకుని ఎక్కుతుంటే
సగంలో ఆయాసం. ఆగాను.
నేను దగ్గాను, అది దగ్గింది.
కింది పోర్షన్ యాదమ్మ తలుపు తీసి
"ఎవరది, ఎవరు దగ్గేది?" అంది.
"మేమే" అన్నాను.

ఇప్పుడు రెండుంబావు.
ఒకటి వచ్చింది.
మా డ్యూటీలో ఒక విజిలంటే ఆపమని.
ఇన్ని రాత్రులూ వద్దు వద్దనుకున్నదాని కోసమే
ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.
రెండోది కొట్టవే బిడ్డా.
ఫ్యాను తిరుగుతోంది. గల్లీలో ఎవరిదో బండి స్టార్టవక మొరాయిస్తోంది.

కొట్టింది. చిన్నగా, ఆలస్యంగా.
రైట్, రైట్.