పన్నెండో బిందువు

పేయిప్సీ సరస్సు మీద జనవరి.
హిల్లార్ బరమాతో మంచుకి బెజ్జం పెడుతున్నాడు,
నేను కొలకర్ర దించి చదువుతున్నాను.
ముప్పై నాలుగు. ముప్పై ఆరు.
"తార్తూలో ఏం చేస్తుంటావమ్మాయ్?" అన్నాడు.
చెప్పడానికి తంటాలు పడ్డాను.

మంచుకి మతిమరుపు లేదు తాతా.
నిన్నటి ట్రాక్టరు, మొన్నటి చేపల లారీ,
మోసిన ప్రతి బరువునీ కాస్త కాస్త
లోపలే దాచుకుంటుంది.
ఈ క్షణం ఎంత వంగిందో తెలియాలంటే
మొదటి రోజు నుంచీ అన్నీ కూడుకుంటూ రావాలి.
అంతటా నిజమయ్యే జవాబు
ఆ సమీకరణం ఇవ్వదు.
అందుకని బేరమాడతాం:
పదకొండు చోట్ల నిజం చెప్పు, చాలు.
అక్కడ శేషం సున్నా.
మధ్యలో అంతా
బహుపది దయ.

మీసం మీది మంచు దులుపుకుని
"అయితే నాదీ అదే కొలువు" అన్నాడు.

పోయిన శరత్తులో నేను బిందువుల్ని
కంచె గుంజల్లా సమదూరంలో పాతాను.
నడుమ బుద్ధిగా నడిచిన గీత
రెండు కొసల్లోనూ
వలలో పడ్డ పైక్ చేపలా కొట్టుకుంది.
ప్రోగ్రాంలో తప్పనుకున్నాను, మూడు వారాలు.

ఇక్కడ చూస్తే ఈయన బెజ్జాలు
సరస్సు నడుమ నలభై అడుగులకొకటి,
ఒడ్డు దగ్గర మూరకొకటి.
"ఒడ్డునే కదా మంచు మాట మార్చేది.
రెల్లుంటుంది, ఊటుంటుంది.
నడిమంచు పెద్దమనిషి."

ఆ రాత్రి ముస్త్వేలో అద్దెగదిలో
పొగచేప వాసన వదలని వేళ్లతో
బిందువుల్ని కొసలకి జరిపాను.
గీత కుదురుకుంది.
గట్టిగా నవ్వేశాను, పక్కగది వాళ్లు గోడ తట్టారు.

మర్నాడు ఒక బెజ్జం దగ్గర ఆగిపోయాను.
అది వరసలో లేదు.
ఆరుకీ ఏడుకీ మధ్య,
ఏ లెక్కకీ అక్కర్లేని చోట.
కొలకర్ర దించాను. ముప్పై ఏడు.
అటూ ఇటూ ఉన్నంతే.
ఇక్కడెందుకు తాతా?

బరమా కొన తుడుస్తూ,
"ఎల్మార్ బండి దిగబడింది ఇక్కడే.
నా తమ్ముడు. ఎనభై రెండులో."
కాసేపాగి,
"అటు బెజ్జం, ఇటు బెజ్జం
రెండూ బాగానే ఉన్నాయి ఆ రోజు."

బరమా భుజానేసుకుని ముందుకి నడిచాడు.

నేను ఆ దూరం అడుగులతో కొలిచి
చేతితొడుగు పళ్లతో లాగి
పెన్సిలు కదిలినంత మేర రాసుకున్నాను.

ఇప్పుడు నా పట్టికలో పన్నెండు బిందువులు.
మాత్రిక ఒక వరస పెరిగింది.
దోషం మాత్రం తగ్గలేదు,
ఐదో దశాంశం దాకా అదే.

ఎందుకు పెట్టావని అడుగుతారు, సెమినార్‌లో.
తీసెయ్యలేదు.