పాట

తెల్లారగట్ట మూడున్నరకి
ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద
నాకంటే ముందు నా గొంతు లేస్తుంది.
డాల్ఫిన్స్ నోస్ మీది దీపం ఒక చుట్టు తిరిగొచ్చేలోగా
గంపెడు కోనాం ఎవరిదో తేలిపోవాలి.
మా దగ్గర దీన్ని పాట అంటారు.
రాగం ఉండదు. ఆగడమూ ఉండదు.

నిన్న రాత్రి ఐసు ఫ్యాక్టరీ మెట్ల మీద
మా మేనకోడలు గంగాభవాని డిగ్రీ పుస్తకం తెరిచి
"మావా, నీలాటోడు రోములో ఉండీవోడు" అంది.
"చేపల పాటా?"
"కాదు మావా. రాజ్యం పాట."

చదివింది.
రాజుని చంపిన కాపలా దండు
బల్లేలకి అంటిన నెత్తురు కడక్కుండానే
శిబిరం గోడెక్కి కేకేసిందట,
అమ్మకానికుంది, ఎవరు కొంటారని.

లోపల ఒకడు, చచ్చిన రాజుకి మావగారు.
బయట ఒకడు, పెళ్లాం కూతురు తోస్తే
విస్తరి ముందు నుంచి లేచొచ్చినవాడు.
సిపాయికి ఇరవై వేలు, అన్నాడు లోపలివాడు.
బయటివాడు అరిచాడు, అరుపు చాలక
చెయ్యెత్తి ఐదు వేళ్లు చూపించాడు.
ఇంకో ఐదు వేలు.

వేలు చూపించి వేలు పలకడం నాకు కొత్తా?
ఇరవై రెండేళ్లుగా నా తువ్వాలు కింద
ఎన్ని చేతులు నా చేతిని నొక్కాయో.
అర్జిల్లి పోలమ్మ చిటికెన వేలు వందకి,
ఎక్స్‌పోర్టు కంపెనీ కుర్రాడి ఉంగరం వేలు వెయ్యికి.

"ఆ పాట ఎత్తినోడెవుడే?" అన్నాను.
పేజీ తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది.
చచ్చినవాడి పేరుంది, కొన్నవాడి పేరుంది,
గోడ మీద నిలబడి
ఒకటోసారి, రెండోసారి అన్నవాడి పేరు లేదు.
వాడి కమీషను ముట్టిందో లేదో మరి.

కొన్నవాడికి దక్కినవి అరవై ఆరు రోజులు.
డబ్బిచ్చాడని కొందరు రాశారట, ఎగ్గొట్టాడని కొందరు.
మూడు దిక్కుల ముగ్గురు సేనానులు కన్నేశారు.
ఊళ్లో జనం మాత్రం రాళ్లు రువ్వి,
రథాల పందేల మైదానంలో చొరబడి,
తిండీ నీళ్లూ లేకుండా రాత్రంతా కేకలేసి
నీరసమొచ్చి ఇళ్లకి పోయారు.
ఆ ముక్క ఇంకోసారి చదవమన్నాను.

పోయిన శ్రావణంలో మా బోట్ల సంఘానికి ఎన్నిక.
ఓటుకి డీజిలు కూపను, కొందరికి వల.
గెలిచిన ఎల్లారావు ముందు డప్పు కొట్టిందీ
నాలుగు నెలలకి వాడి షెడ్డు తలుపులు విరగ్గొట్టిందీ
అవే చేతులు.
నావీ ఉన్నాయి.
ఇప్పుడు వాడు గేటు పక్క కూర్చుని
ఇంకొకరి వలకి కన్నాలు కుడుతుంటాడు.
నన్ను చూస్తే తల దించుకోడు.
నేనే చెప్పులు చూసుకుంటూ పోతాను.

చివరి రోజు సిపాయి కత్తి దూసి వచ్చినప్పుడు
రాజ్యం కొన్నవాడు అడిగాడట:
"నేనేం తప్పు చేశాను? ఎవర్ని చంపాను?"
భవాని అక్కడ ఆగింది.
లోపల ఐసు మిషను కూడా ఆగింది.
కరెంటు పోయింది, అంతే.
చీకట్లో కాసేపు
ఐసు కరిగి మెట్లు దిగే చప్పుడు విన్నాం.

ఈ పొద్దున ఫైబరు తెప్ప మీంచి దించిన గంపలో
పండుగప్ప ఒకటి ఇంకా కొన ఊపిరితో ఉంది.
నోరు తెరుస్తోంది, మూస్తోంది.
ఒకటోసారి, అన్నాను.
తెరుస్తోంది.
రెండోసారి...

తువ్వాలు కింద పోలమ్మ చెయ్యి,
ఐసులో పెట్టి తీసినంత చల్లగా.
ఏ వేలూ నొక్కలేదు. ఊరికే పట్టుకుంది.
"ఏటయినాది నాయినా,
పాట ఆగిపోనాది?"