ఫారంలో లేని కాలం

ఓదెలు తెడ్డు ఆపి చెప్పిండు:
"సారూ, ఇక్కడి నుంచి చిన్నగ మాట్లాడు.
పొద్దుగాల అవి కడుపుల గులకరాళ్లు నూరుకుంటయి,
ఆ చప్పుడు చెడితే చిరాకు పడుతయి."

మహదేవ్‌పూర్ మండలాఫీసుల నాకిచ్చినవి
నలభై ఫారాలు, ఒక అట్ట, రెండు పెన్నులు.
మ్యాపుల ఈ గడ్డ ఉండాల్సిన చోట
గోదారి నీలం మీద ఎవరో ఒలకబోసిన చాయ్ మరక.
అంతే అనుకొని పడవెక్కిన.

ఇసుక తాకినంక
తాడిచెట్లనుకున్నవి రెండు
మెడలు వంచి నా సంచి వాసన చూసినయి.
ఇంటామె కట్టిచ్చిన సర్వపిండి పోయింది.
నేను కూసున్న.
నేను కూసునుడు కాదు, కాళ్లే కూసోబెట్టినయి.

మొదటి ఇల్లు మల్కవ్వది.
కప్పు మీద తునికాకు ఎండుతున్నది.
గోడలు మనిషి ఎత్తు,
వాకిలి మాత్రం రెండు లారీలు ఎదురుబొదురు పోయేంత.
"ఇంట్ల ఎంతమంది?"
"ఏడుగురం."
నాకు కనబడ్డది నలుగురే:
ఆమె, ఆమె పెనిమిటి, కోడలు, మనవరాలు జమున.
"పెద్దబిడ్డ ఏటికి పోయింది.
ఇద్దరు ఇంక గుడ్లల్లనే ఉన్నరు."

పెద్దబిడ్డ వచ్చింది.
ముందు నీడ వచ్చింది, చానాసేపటికి తోక వచ్చింది.
"వయసు?"
"మా అవ్వ పుట్టిన్నాడు ఇంతే ఉన్నదట.
అవ్వకు అవ్వ పుట్టిన్నాడూ ఇంతేనట."
"కులం?"
"ఆకులు తినేటిది. రాసుకో."
"పని?"
"ఏరు పొంగితే అడ్డం పంటది.
గప్పుడు మేం దాని వీపు మీద వండుకుంటం."

రాకాసిబల్లి అని రాయబోయిన.
మల్కవ్వ పెన్ను పట్టుకున్నది.
"ఆ మాట వద్దు, నొచ్చుకుంటది.
గోడ మీది బల్లి కిచకిచమంటే శకునం చూస్తరు మీరు,
ఇంత పెద్దది మాట్లాడితే ఇనరా?"

ఫారం తిప్పి తిప్పి చూసిన.
కరెంటు మీటరుకు ఒక కాలం ఉన్నది,
మరుగుదొడ్డికి ఒక కాలం ఉన్నది.
ఆమె వచ్చిన కాలమే లేదు.

మాపటికి ముండ్లకంప అవతల
కోరలది వచ్చి నిలబడ్డది.
ఓదెలు నా నోరు మూసిండు.
దాని ఊపిరికి దీపం ఒకదిక్కే వంగింది.
జమున ఒక్కతే లేచి
చాట మీద వేళ్లతోని కొట్టింది:
ఐదు.
ఆగి, ఒకటి.
అది తలకాయ పక్కకు వంచి విన్నది,
పద్దు సరిపోయిన షావుకారు తీరు
వెనుకకు మళ్లింది.

నాకు మాట వచ్చేసరికి చుక్క పొడిచింది.
"ఏం చెప్పినవు బిడ్డా?"
"మేం ఎంతమందిమో రోజూ అడుగుతది.
చెప్తే ముట్టదు, అది ఒడంబడిక.
ఇయ్యాల నిన్ను కలిపి చెప్పిన."
"మరి గుడ్లల్ల ఉన్నోళ్లు?"
"దానికి చెప్పం,"
అటు ఇటు చూసి అన్నది,
"నీకు చెప్పినం."

మండలాఫీసుల ఫ్యాను తిరుగుతున్నది.
నలభై ఫారాలు తెల్లగనే తిరిగిచ్చిన.
అట్ట ఇచ్చిన, ఒక పెన్ను ఇచ్చిన,
రెండోది జమున దగ్గర ఉన్నది.
"ఏందయ్యా, గడ్డ దొరకలేదా?"
ఆయన వేలు మ్యాపు మీద ఉన్నది.
నా వేళ్లు బల్ల కింద
ఐదు కొట్టి ఆగినయి.

"చాయ్ మరక సార్," అన్న.