మంగమారిపేట, ఎనిమిది మీటర్లు

అండమాన్ కాదు మేడమ్, నీళ్లు చెరుకురసంలా ఉంటాయని
ముందే చెప్పాడు సూరాడ పైడిరాజు.
"ఊపిరి మాత్రం బిగబట్టీకండి.
మా అయ్య బిగబట్టే దూకీవోడు, ఆలిచిప్పలకి.
మీకా అవసరం నేదు."

పడవ అంచు మీంచి వెనక్కి వాలాను.
ఆకాశం ఒక్క పల్టీ కొట్టి
పచ్చటి మసకైంది.
నా ఊపిరి నాకే వినిపిస్తోంది,
పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

ముప్పయ్యేళ్లుగా జాలరిపేటలో బేరమాడినదాన్ని.
మొప్పలెత్తి ఎరుపు చూసి
కంట్లో మెరుపు చూసి
నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేదాన్ని.

ఇక్కడ, రాతి కమాను కింద,
విసనకర్రలా విచ్చుకున్న ఊదారంగు పగడం వెనకనుంచి
ఒళ్లంతా చారలూ ఈకలూ ఉన్నదొకటి వచ్చి
నా అద్దం ముందు ఆగింది.
పులుసుకీ వేపుడుకీ ఎప్పుడూ రానిది;
దానికి నా దగ్గర పేరు లేదు.
తొందరేమీ లేకుండా
ఒక కంటితో, ఆనక తిరిగి రెండో కంటితో చూసింది,
తాజాదేనా ఈవిడ, అన్నట్టు.

యాభై రెండు అని చెబుదామనుకున్నాను.
బుడగలే వచ్చాయి.

రాతికి చుట్టుకున్న పాత నైలాన్ వలని
కత్తితో కోస్తూ ఉండిపోయాడు పైడిరాజు,
ఒక పీతకి ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు విడిపిస్తూ,
గేజీలో ముల్లు ఎర్రగీతని తాకేదాకా.

పైకొచ్చాక ఆ ముక్కని పిండి, వేళ్లతో తడిమి
"ఈ ముడి మా ఇంటిదే" అన్నాడు.
నేనింకేం అడగలేదు.

శనివారం, బజార్లో
కోనెం మొప్ప ఎత్తబోతూ
ఎందుకో ముందు
నా కళ్లజోడు తీశాను.