ఆరున్నర బస్సు

బ్యాండు ప్రాక్టీసు అయ్యేసరికి
పార్కింగులో మంచు నీలం తిరిగింది.
ట్యూబా నాది కాదు, బడిది.
మూడు మీటల్లో నడిమిది బిగుసు.
పెట్టె మూత లోపల
ఇదివరకు మోసినవాళ్ల పేర్లు, మేకుతో గీకినవి:
డోరీన్, 71. లెస్టర్ పి.
ఇంకోటి సగం చెరిగింది.

ఆలస్యం బస్సులో ముగ్గురమే.
రోబోల క్లబ్బు ఇమానీకి చేతినిండా గ్రీజు,
కుస్తీ జట్టు కుర్రాడు అప్పుడే నిద్ర.
డ్రైవర్ విటెక్ మాట్లాడడు.
ముందు సీట్లో ట్యూబాని కూర్చోబెట్టి
బెల్టు కడతాడు,
పసిపిల్లకి కట్టినట్టు.

టొలీడో శివారు రైలు గేటు దగ్గర ఆగాం.
గూడ్సు బండి, ఎంతకీ అయిపోదు.
శనివారం వాయించాల్సింది
కూనిరాగం తీస్తున్నాను.

స్టీరింగు మీద ఆయన మూడు వేళ్లు
నొక్కుతున్నాయి, లేస్తున్నాయి,
నడిమిది మాత్రం
కాస్త గట్టిగా.